దువాతో పాటు దవా

"తందురుస్తీ హజార్ నేమత్" అని మన పెద్దలు ఊరికే అనలేదు. వెయ్యి వరాలు ఒకవైపు, ఆరోగ్యం ఒకవైపు. ఒంట్లో నలతగా లేనంత కాలం ఈ మాట విలువ మనకు తెలియదు. ఒక్క పన్ను నొప్పి పుడితే చాలు, ఎదుట బిర్యానీ ఉన్నా ముద్ద దిగదు, మెత్తని పరుపు మీద పడుకున్నా కంటికి కునుకు రాదు. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని మహాప్రవక్త (స) హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఈ శరీరం మనం కొనుక్కున్నది కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అప్పగింతకు లెక్క చెప్పాల్సిన రోజు ఒకటుంది.

మరి ఈ అమానత్‌ను మనం ఎలా చూసుకుంటున్నాం? జలుబు, జ్వరం, దగ్గు, కడుపుమంట, నడుము నొప్పి, తలతిరుగుడు... ఇవి ప్రతి ఇంట్లో ఉండేవే. వీటి విషయంలో మనం చేసే పనులు రెండు రకాలు. చిన్నదాన్ని పెద్దది చేసి అనవసరంగా సూదులు పొడిపించుకుంటాం. పెద్దదాన్ని చిన్నది చేసి ఇంట్లోనే కూర్చుంటాం. రెండూ ప్రమాదకరమైనవే.

తవక్కుల్ అంటే ఏమిటి?

మందు వాడటం దైవంపై నమ్మకానికి విరుద్ధమని కొందరు అమాయకంగా అనుకుంటారు. ఇది సరికాదు. అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి చికిత్స లేకుండా అవతరింపజేయలేదన్నది ప్రవక్త (స) బోధ. చికిత్స చేయించుకోమని ఆయన పల్లెవాసులకు స్వయంగా చెప్పారు. ఒంటెను కట్టేయాలా, దేవునిపై భారం వేసి వదిలేయాలా అని అడిగిన వ్యక్తికి ముందు కట్టేయమని, ఆ తర్వాత భారం వేయమని చెప్పిన హదీసు తిర్మిజీలో ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో సిరియాకు బయలుదేరారు. దారిలో సర్గ్ అనే చోట ఉండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని కబురు వచ్చింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. "దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా?" అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపుకే వెళ్తున్నామని ఆయన జవాబిచ్చారు. అంటువ్యాధి ఉన్న ప్రాంతంలోకి పోవద్దని, అక్కడ ఉన్నవారు బయటికి రావద్దని ప్రవక్త (స) చెప్పిన మాటను హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడు గుర్తుచేశారు. జాగ్రత్త తీసుకోవడం కూడా ఈమాన్‌లో భాగమేనని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)ను మదీనా మసీదు ఆవరణలోని గుడారంలో ఉంచి చికిత్స చేయించారు. క్షతగాత్రులకు సేవ చేసిన ఆ మహిళ పేరు హజ్రత్ రుఫైదా (రజి). మసీదు, వైద్యం ఆనాడు పక్కపక్కనే ఉన్నాయి. మన హైదరాబాదులోనూ అంతే. చార్మినార్ కట్టిన కొన్నేళ్లకే, 1595లో, ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా దారుషిఫా కట్టించాడు. అది వైద్యశాల, వైద్యం నేర్పే పాఠశాల కూడా. ఆ పేట పేరు నేటికీ దారుషిఫాయే. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ దవాఖానా సంగతి చెప్పనక్కర్లేదు.

జ్వరం వస్తే సూదేనా?

మన సాధారణ రోగాల్లో మొదటిది జ్వరం. జ్వరాల చరిత్రలో మన జంటనగరాలకు చెరగని స్థానం ఉంది. మలేరియా దోమ ద్వారా వస్తుందనే రహస్యం సికింద్రాబాదులోనే బయటపడింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే ఆంగ్లేయ సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలకు తన రక్తం ఇచ్చిన మలేరియా రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున అతనికి ఇచ్చారు. బహుమతి రాస్‌కు దక్కింది, జ్వరంతో వణుకుతూ చేయి చాపి కూర్చున్నవాడు హుస్సేన్ ఖాన్. వైద్యం అనేది వైద్యుడు, రోగి కలిసి చేసే పని అనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

నేడు మన ఇళ్లలో జ్వరం వస్తే జరిగేది వేరు. "డాక్టర్ సాబ్, ఒక పవర్ సూది వేయండి. ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించండి. రేపు దుకాణం తెరవాలి" అంటాం. ఆ సీసాలో ఏముందో ఎప్పుడైనా ఆలోచించామా? అరలీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, మిగతాది నీళ్లు. అంటే సుమారు ఐదు చెంచాల చక్కెర. దాని బలం వంద కేలరీలకు మించదు. ఒక గ్లాసు షర్బత్‌తో వచ్చే శక్తి కోసం వందల రూపాయలు పోసి, నరంలో సూది గుచ్చుకుని, రెండు గంటలు మంచం మీద పడుకుంటున్నాం. నోటితో తాగలేనివారికి, వాంతులు ఆగనివారికి, ఒంట్లో నీరు బాగా తగ్గిపోయినవారికి సెలైన్ ప్రాణం పోస్తుంది, నిజమే. నడిచి వచ్చి నడిచి వెళ్లే మనిషికి దాని అవసరం ఏముంది?

విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఓఆర్ఎస్ పొట్లం చాలా సార్లు సరిపోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను నోటి ద్వారా తాగించి ఎందరినో బతికించారు. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే చాలు. చెంచాలు గోపురంలా కాకుండా సమంగా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లవాడికి హాని.

ఇక యాంటీబయాటిక్‌ల మాట. జలుబు, గొంతు నొప్పి, ఒళ్లునొప్పులతో వచ్చే జ్వరాలు ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అది బాక్టీరియాను చంపే మందు. అనవసరంగా వాడినా, డాక్టరు ఐదు రోజులు రాస్తే రెండో రోజు జ్వరం తగ్గిందని మానేసినా, మందుకు లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయి. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున ఆ మందు పనిచేయదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో ఆరియోమైసిన్ అనే గొప్ప మందు 1948లో లోకానికి అందింది. అలాంటివారు జీవితాలు ధారపోసి సంపాదించిన ఆయుధాలను మనం జలుబుల మీద వాడి మొండిచేస్తున్నాం. మందు అట్ట వెనుక నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనరాదని గుర్తు. కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను అమ్మితే మందుల షాపువాళ్లు రోగి పేరు, డాక్టరు పేరు పుస్తకంలో రాయాలని 2014 మార్చి నుంచి నిబంధన కూడా ఉంది.

మరొక మాట. వానాకాలంలో డెంగ్యూ ఉంటుంది. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి గోళీలు సొంతంగా మింగరాదు. రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే పరీక్ష చేయించాలి. జ్వరం తగ్గాక కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే "తగ్గిపోయిందిలే" అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగిన తర్వాతే మొదలు కావచ్చు.

"గ్యాస్ నొప్పే" అనే మాట

ఇప్పుడు రెండో తప్పు. మా పేటలో ఒక దర్జీ ఉండేవారు. నలభై తొమ్మిదేళ్ల మనిషి. షుగర్ ఉంది. ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత ఛాతీలో బరువుగా ఉందన్నారు. ఇంట్లోవాళ్లు వాము నమిలించారు, సోడా తాగించారు. వీపు మీద నూనె రాశారు. ఇరుగుపొరుగువాళ్లం వచ్చి "గ్యాస్ భాయ్, తేన్పు వస్తే పోతుంది" అన్నవారే ఎక్కువ. చెమటలు పట్టాయి. ఆయన కూడా "తెల్లవారాక చూద్దాం, ఈ వేళప్పుడు ఎవరిని ఇబ్బంది పెడతాం" అన్నారు. ఫజ్ర్ అజాన్ కాక ముందే ఆయన వెళ్లిపోయారు. నలుగురు పిల్లలు. చావు పుట్టుకలు అల్లాహ్ చేతిలోవి, అందులో సందేహం లేదు. అయితే ఒంటెను కట్టేసే పని మన చేతిలోది.

ఛాతీ మధ్యలో బరువు, నొక్కినట్లు, పిండినట్లు ఉండి పావుగంటకు తగ్గకపోతే, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకితే, చెమట, ఆయాసం, వాంతి తోడైతే గుండెపోటు అనే అనుకోవాలి. షుగర్ ఉన్నవారిలో, స్త్రీలలో నొప్పి అంతగా తెలియకపోవచ్చు. ఉత్త ఆయాసం, నీరసం, పై కడుపులో మంటగా మాత్రమే కనిపించవచ్చు. అందుకే వారి విషయంలో మరింత జాగ్రత్త. రోగిని నడిపించరాదు, మెట్లు ఎక్కించరాదు, స్కూటరు నడపనివ్వరాదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు ఉంది, వెంటనే పిలవాలి. ఈసీజీ తీయించాలి. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని అడగాలి. గుండె కండకు రక్తం అందని ప్రతి నిమిషం విలువైనదే. గ్యాస్ అని తేలితే అల్హందులిల్లాహ్ అనుకుని ఇంటికి రావచ్చు. దానివల్ల పోయేది ఒక రాత్రి నిద్ర మాత్రమే.

షుగర్, రంజాన్

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ రోగులు పది కోట్లు దాటారు. పరగడుపున రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు, లేదా మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 6.5 శాతం దాటితే షుగర్ ఉన్నట్లే. రక్తపోటు 140/90 దాటి నిలిచి ఉంటే మందు సంగతి డాక్టరుతో మాట్లాడాలి. ఈ రెండు రోగాలూ చాలాకాలం నొప్పి పుట్టించవు. నొప్పి లేదని మందు మానేస్తాం. లోలోపల కిడ్నీ, కన్ను, గుండె పాడవుతుంటాయి.

రంజాన్ నెలలో మన ఇళ్లలో ఒక ఇబ్బంది ఉంది. నలభై ఏళ్లుగా రోజా వదలని పెద్దవాళ్లు షుగర్ వచ్చినా వదలమంటారు. వారి భక్తి గొప్పది. అయితే రోగికి సడలింపు ఇచ్చింది అల్లాహ్‌యే. అల్‌బఖరా సూరాలోని 184, 185 ఆయతులు చదివి చూడండి, రోగులు మరో రోజుల్లో పూర్తి చేసుకోవచ్చనీ, అల్లాహ్ మనకు సులభం చేయదలచాడనీ ఉంది. ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడం కూడా విధేయతే. ఉండదలచినవారు ఒకటి రెండు నెలల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు, మోతాదు మార్పించుకోవాలి. రోజాలో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా విరమించాలని వైద్యులు చెబుతారు. చేతులు వణకడం, చెమట, కళ్లు తిరగడం అనిపిస్తే పరీక్ష కోసం కూడా ఆగకుండా తీపి తినాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా పోదని ఉలమాలు చెప్పారు. కనుక ఆ భయం వద్దు.

అమ్మీ ఆరోగ్యం ఎవరికి పట్టింది?

ఇంట్లో అందరికీ వడ్డించి చివర మిగిలింది తినేది అమ్మీ. ఆయాసం వస్తుందంటే "వయసు" అంటాం, తల తిరుగుతోందంటే "నజర్ తగిలింది" అని ఉప్పు మిరపకాయలు దిష్టి తీస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే, గర్భిణికి 11 కంటే తక్కువ ఉంటే రక్తం తక్కువని అర్థం. ఐరన్ గోళీలు ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆశా కార్యకర్తల దగ్గర ఉచితంగానే ఇస్తారు. వాటిని భోజనం తర్వాత తాగే చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టదు. చాయ్‌కు, గోళీకి మధ్య గంట, రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే మరీ మంచిది.

లేడీ డాక్టరు దొరకలేదని నెలల తరబడి రోగాన్ని దాచుకునే సోదరీమణులు ఉన్నారు. హయా మన ఆభరణమే. లేడీ డాక్టరు ఉంటే ఆమె దగ్గరికే వెళ్లాలి. లేనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యునికి చూపించుకోవడానికి షరీఅత్ అనుమతి ఉందని ఫుఖహా స్పష్టం చేశారు. రొమ్ములో గడ్డ, ఆగని రక్తస్రావం వంటివి సిగ్గుతో దాచే రోగాలు కావు. ఇంటి మగవాళ్లు ఆమెను అడగాలి, వెంటబెట్టుకుని తీసుకెళ్లాలి.

తెల్లకోటు వెనుక మనిషి

ఇంతవరకు రోగి సంగతి. డాక్టరు సంగతి కూడా వినాలి. ఎంబీబీఎస్ నాలుగున్నర సంవత్సరాలు, హౌస్ సర్జన్‌గా ఒక సంవత్సరం, పీజీ మరో మూడేళ్లు. ఆ ఏళ్లలో పెద్దాసుపత్రుల భారం మోసేది ఈ పిల్లలే. వారి ఎడతెగని డ్యూటీ రోజుకు 12 గంటలు మించరాదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం చెబుతోంది. జరిగేది వేరు. ఉదయం వార్డులో అడుగుపెట్టినవారు ఆ రాత్రి క్యాజువాలిటీ చూసి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉండటం మామూలే. 2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో సుదీర్ఘ డ్యూటీ మధ్య కాసేపు విశ్రాంతికి వెళ్లిన యువ డాక్టరును చంపేశారు. ఆ తల్లిదండ్రుల శోకం దేశమంతా చూసింది. మన ఇళ్లలోనూ డాక్టరు, నర్సు చదువుతున్న ఆడపిల్లలు ఉన్నారు.

రంజాన్‌లో మగ్రిబ్ వేళ ఒక్క ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, మళ్లీ రోగి మంచం దగ్గరికి పోయే నర్సులు ఉన్నారు. సూది గుచ్చుకుంటే తమకు ఏ రోగం అంటుతుందోనన్న భయంతోనే రక్తం తీసే ల్యాబ్ కుర్రాళ్లు ఉన్నారు. కరోనా కాలంలో ప్రాణాలు పోగొట్టుకున్న వైద్య సిబ్బంది ఎందరో. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవజాతిని కాపాడటంతో సమానమన్న ఖుర్ఆన్ బోధ ముందుగా వర్తించేది వీరికే.

వారికి జవాబుగా మనమేం చేస్తున్నాం? రోగి మరణిస్తే గుంపుగా పోయి అద్దాలు పగలగొట్టేవారు ఉన్నారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై దాడికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. చట్టం మాట అటుంచి, రాత్రంతా మేల్కొన్న మనిషి మీద చేయి ఎత్తడం ఏ అఖ్లాఖ్? నిజంగా నిర్లక్ష్యం జరిగితే కేసు కాగితాలు తీసుకుని వైద్య మండలిలో, వినియోగదారుల కోర్టులో ఫిర్యాదు చేసే దారి ఉంది.

డాక్టర్లంతా సత్పురుషులని కూడా అనను. కమీషన్ కోసం పరీక్షలు రాసేవారు, అవసరం లేని ఆపరేషన్ చెప్పేవారు ఉన్నారు. వారు అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి. అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. "మీకు సూది అక్కర్లేదు, విశ్రాంతి తీసుకోండి" అని చెప్పిన నిజాయితీపరుడైన డాక్టరును మనమే "ఆయన చేయి మంచిది కాదు" అని వదిలేసి, పక్క వీధిలో సూది వేసేవాడి దగ్గరికి పోతాం. మనం అడిగినందుకే ఆ సూది అమ్ముడుపోతోంది.

ఆ పక్క వీధివాళ్లలో చదువు లేనివారూ ఉంటారు. అర్ధరాత్రి పలికేది వారేనన్నది నిజం. ప్రథమ చికిత్స వరకు వారి సాయం మరువరానిది. కానీ కీళ్లనొప్పులకు, ఆయాసానికి స్టెరాయిడ్ సూదులు పొడిస్తే ఆ రోజు హాయిగా ఉంటుంది, నెలల తరబడి సాగితే ఎముకలు గుల్లవుతాయి, షుగర్ పెరుగుతుంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూ దావూద్ హదీసులో ఉంది. పధ్నాలుగు వందల ఏళ్ల నాటి ఈ హెచ్చరికను ప్రతి మొహల్లాలో వినిపించాలి.

మనం చేయగలిగినవి

సర్కారు దవాఖానాలో డాక్టరు ఒక్కొక్కరికి ఇవ్వగలిగేది రెండు మూడు నిమిషాలే. ఆ నిమిషాలు మన చేతిలో ఉన్నాయి. బాధ ఏమిటి, ఎన్నాళ్ల నుంచి అన్నది ముందే చీటీ మీద రాసుకోవాలి. పాత కాగితాలు, వాడుతున్న గోళీల అట్టలు సంచిలో పెట్టుకోవాలి. పడని మందు ఉంటే ముందే చెప్పాలి. హకీం సాబ్ ఇచ్చిన మాజూన్, జర్దా, గుట్కా, సిగరెట్ ఏవీ దాచరాదు. వైద్యునితో అబద్ధం చెబితే నష్టపోయేది మన ఒళ్లే. లేచి వచ్చేముందు "ఈ మందు ఎన్ని రోజులు, ఎప్పుడు మళ్లీ రావాలి?" అని అడగాలి.

రోగిని పరామర్శించడం ముస్లింపై ముస్లింకు ఉన్న హక్కు. పదిమంది ఒక్కసారి వార్డులోకి పోయి, మంచం మీద కూర్చుని, "మా బంధువొకాయనకు ఇలాగే అయి పోయాడు" అని చెప్పడం ఇయాదత్ కాదు. కాసేపు కూర్చోండి, ధైర్యం చెప్పండి, దువా చేయండి, వస్తూ రోగి ఇంటివాళ్లకు ఒక పూట భోజనం, చేతిలో కాస్త మందుల ఖర్చు పెట్టండి.

మసీదు కమిటీలు కూడా ఆలోచించాలి. నెలకు ఒక జుమా నాడు నమాజు తర్వాత బీపీ, షుగర్ పరీక్షలు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. మన ఊరి డాక్టరు, నర్సు పిల్లలను అడిగితే కాదనరు. నలభై దాటిన ప్రతివారూ సంవత్సరానికి ఒకసారైనా చూపించుకుంటే ఎన్నో ఇళ్ల దీపాలు నిలుస్తాయి.

దువా విశ్వాసి ఆయుధం, దవా అల్లాహ్ చూపిన సాధనం. ఒక చేత్తో దువా, మరో చేత్తో దవా పట్టుకుందాం. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! వారికి సేవచేసే చేతులను దీవించుగాక! ఆమీన్.